పదకొండు గంటలకు వచ్చే జంతువు

మా సమన్వయ శాఖ దేన్ని దేనితో సమన్వయం చేస్తుందని చేరిన కొత్తలో ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. వాళ్లు జాలిగా చూశారు. మానసిక శాస్త్రం చదివినవాడు కదా, ఇలాంటి సందేహాలు వస్తాయిలే అనుకున్నట్టున్నారు. ఆ తరవాత అడగడం మానేశాను.

టెక్కలిలోని మా ప్రాంతీయ కార్యాలయంలో నాది మనోవికాస కేంద్రం. కేంద్రం అంటే ఒక గది, గదిలో నేను. మనసు బరువెక్కిన ఉద్యోగులు వచ్చి ఆ బరువు నా దగ్గర దించుకోవాలని ఉద్దేశం. ఎవరూ వచ్చేవారు కాదు. నా గుమ్మంలో కనబడితే మతి చెడిందని నలుగురూ అనుకుంటారని భయం. అందుకని నేను నా మనసునే ఎదురుగా కూర్చోబెట్టుకుని పరిశీలిస్తూ కాలం గడిపేవాణ్ణి. ఎవరూ రాకపోవడం నాకు ఎంతో హాయిగా ఉందని ఆ పరిశీలనలో తేలింది.

ఈ హాయి బోన్సాయ్‌లు వచ్చేదాకా సాగింది.

రాజధానిలో మా పెద్ద కార్యాలయం వారెవరో ఏదో శిక్షణకు వెళ్లొచ్చారు. చెట్టును పొట్టిగా పెంచితే మనిషిలో ఓర్పు పొడుగ్గా పెరుగుతుందని అక్కడ వారికి బోధపడింది. వెంటనే ఉత్తర్వు వచ్చింది. ప్రతి అధికారి బల్ల మీదా ఒక బోన్సాయ్ ఉండాలి. దాని సంరక్షణకు ఒక ఉద్యోగి బాధ్యత వహించాలి. అంటే ఓర్పు అధికారికి, నీళ్లు పోయడం గుమస్తాకు.

లారీలో చెట్లు దిగాయి. జువ్వి, సపోటా, బోగన్‌విలియా, అన్నీ మోకాలి ఎత్తు లోపే. మా ప్రాంతీయ అధికారి దక్షిణామూర్తి గారికి, హోదాను బట్టి, ఒక చింతచెట్టు కేటాయించారు. చిన్న పింగాణీ పళ్లెంలో వంకర మాను, ముడతల బెరడు, పైన పచ్చటి గొడుగు. దూరం నుంచి చూస్తే పెద్ద చెట్టే. దాని కింద మనుషులుండాల్సిన చోట గుండుసూదుల డబ్బా ఉండేది.

ఆ చెట్టు బాధ్యత హైమావతి గారికి పడింది. ఆవిడ దక్షిణామూర్తి గారి పి.ఏ. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ ఉద్యోగం ఒక జిల్లాలో, భర్త తవిటినాయుడి ఉద్యోగం ఒక జిల్లాలో. ఆయన ఆర్టీసీ కండక్టరు. ఎన్నో దరఖాస్తుల తరవాత, భార్యాభర్తలు ఒకే ఊళ్లో ఉండవచ్చుననే నిబంధన కింద, ఆవిడకు సొంత ఊరు టెక్కలి దొరికింది. భర్త డిపో కూడా ఇక్కడే. ఆ ఏడే వాళ్లు మొదటిసారి ఒకే గ్యాస్ బండ మీద వంట మొదలుపెట్టారు.

తరవాత రెండో ఉత్తర్వు వచ్చింది. దాని సారాంశం ఇది. బోన్సాయ్ ఆకు రాలినా, తగ్గినా కారణం తేల్చాలి. కారణం పురుగైతే సంరక్షకుడి నిర్లక్ష్యం. తెగులైతే సంరక్షకుడి నిర్లక్ష్యం. జంతువైతే మాత్రం ఎవరి తప్పూ లేదు. అయితే "సదరు జంతువును జాతితో సహా గుర్తించి, నివారించి, దాని సహజ ఆవాసమునకు శాశ్వతముగా తరలించవలెను." నిర్లక్ష్యం రుజువైన సంరక్షకుణ్ణి రాష్ట్రం ఆ చివరకు బదిలీ చేస్తారు. మాకు ఆ చివర అంటే మడకశిర.

ఆ మధ్యాహ్నం నుంచి మా ఆఫీసులో పురుగు అనే మాట ఎవరి నోటా వినబడలేదు.

మర్నాటికి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఒక ఉడుత వెలిసింది. స్టోర్స్‌లో ఎలుకలు ఎప్పుడూ ఉండేవి కనుక వాళ్లను అందరూ అసూయగా చూశారు. తపాలా సెక్షన్ వాళ్లు ఎక్కడి నుంచో ఒక కోతిని తెచ్చుకున్నారు. అది బోగన్‌విలియా జోలికి పోలేదు. సూపరింటెండెంటు గారి టిఫిన్ డబ్బా మూత తీయడం మాత్రం ఒక్క పూటలో నేర్చుకుంది. అకౌంట్స్ వాళ్లు ఒక మేకను తెచ్చి జువ్వి పక్కన కట్టారు. మేక జువ్విని వాసన చూసి, తల తిప్పుకుని, బల్ల మీదున్న పెన్షన్ ఫైలు తినేసింది. ఆ ఫైలు అంత చురుగ్గా కదలడం అదే మొదటిసారని పాతవాళ్లు చెప్పారు.

మా పరిపాలనాధికారి పట్నాయక్ గారు క్రమశిక్షణ గల మనిషి. గేటు దగ్గర గుర్తింపు కార్డు లేనిదే ఎవరినీ రానివ్వకూడదని ఆయనే పెట్టిన నియమం. దాన్ని జంతువులకు సడలించడం ఆయన మనస్సాక్షికి ఒప్పలేదు. వాటికీ కార్డులు చేయించారు. మేక ఫోటోలో పక్కకు చూస్తున్నదని వెనక్కి పంపారు. రెండో ఫోటో బాగా వచ్చింది కానీ, మెడలో కార్డు వేసిన కాసేపటికే మేక దాని తాడు నమిలేసింది.

"కార్డు పోగొట్టుకున్నందుకు సంజాయిషీ అడగండి," అన్నారు పట్నాయక్ గారు.

"మేకనా సార్?" అన్నాడు అకౌంటెంటు.

"మేక తరఫున మీరే ఇవ్వండి. మీరే కదా దాని కంట్రోలింగ్ అధికారి."

ఇలా అందరికీ తలా ఒక జంతువు దొరికి ఆఫీసు కళకళలాడుతున్న రోజుల్లో, నా గది తలుపు ఎవరో తట్టారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ తలుపుకు అలాంటి శబ్దం ఉందని నాకు తెలియదు.

హైమావతి గారు లోపలికొచ్చి తలుపు వేశారు.

"సార్, నాకు మతి చెడలేదు. ముందే చెప్తున్నాను."

"కూర్చోండమ్మా."

"చింతచెట్టు చిగుళ్లు పోతున్నాయి సార్. పొద్దున్న కొసల్లో లేతగా, ఎర్రగా కనబడతాయి. మధ్యాహ్నానికి ఉండవు. అందరికీ జంతువులున్నాయి. నాకే లేదు."

"మీరూ ఒకటి తెచ్చుకోవచ్చు కదా."

"తెచ్చాను సార్! మా పక్కింటి వాళ్ల మేకను బతిమాలి తెచ్చాను. కానీ మా సార్ ఛాంబర్లోకి అపాయింట్‌మెంటు లేకుండా ఎవరూ వెళ్లకూడదు. ఆ అపాయింట్‌మెంట్లు రాసేది నేనే. సరే, మేకకు రాశాను. సార్‌కి చెప్పాను, మేక వచ్చింది సార్ అని. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా 'ఇవాళ కుదరదమ్మా, రేపు రమ్మను' అన్నారు. మర్నాడూ అంతే. పాపం అది విజిటర్ల బెంచీ దగ్గర పడిగాపులు పడి పడి ఇంటికి పోయింది."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముఖం చూసి దిగమింగుకున్నాను.

"నవ్వకండి సార్. ఛాంబర్లోకి ఏ జంతువూ వెళ్లలేదని రిజిస్టరే చెప్తోంది. జంతువు కాకపోతే నా నిర్లక్ష్యం. నిర్లక్ష్యమైతే మడకశిర. మా ఆయన నిన్న రాత్రి అన్నం తింటూ ఏమన్నారో తెలుసా? 'హైమా, మళ్లీ ఫోన్లో కాపరం చెయ్యాలేటి?' అన్నారు. ఆ తరవాత ఇద్దరం పెరుగు కలుపుకోవడం మర్చిపోయాం."

మనస్తత్వ శాస్త్రంలో దుఃఖానికి చాలా కొలతలున్నాయి. పెరుగు మర్చిపోవడం వాటిలో లేదు. ఉండాల్సింది అనిపించింది.

ఆ వారమే నాకు ఉత్తర్వు అందింది. జంతువును గుర్తించే కమిటీలో ప్రవర్తనా నిపుణుడు ఒకరు ఉండాలట. ఎవరి ప్రవర్తనలో నిపుణుడో అందులో రాయలేదు. శాఖ మొత్తంలో ఆ పేరు పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కమిటీకి పట్నాయక్ గారు అధ్యక్షులు. పశువైద్యుడు నూకరాజు గారు మరో సభ్యుడు.

నూకరాజు గారు భూతద్దం పెట్టి చింతకొమ్మను చాలాసేపు చూశారు.

"ఏటండీ ఇది. పంటిగాటు లేదు. గిల్లేసింది. అంటే వేళ్లున్న జంతువు."

"కోతి!" అన్నారు పట్నాయక్ గారు ఉత్సాహంగా.

"ఊళ్లో ఉన్న ఒక్క కోతీ మీ తపాలా సెక్షన్లో డ్యూటీ చేస్తోంది కదండీ."

పట్నాయక్ గారు కోతి హాజరు తెప్పించి చూశారు. దాని హాజరు నిక్కచ్చిగా ఉంది. ఆయన నిట్టూర్చారు. "నిందితుని ఆచూకీ లభ్యము కాని పక్షంలో, సంరక్షకురాలిపై చర్య తీసుకొనుట అనివార్యమగును," అన్నారు. మామూలుగా మాట్లాడుతూనే ఆయన అలా మాట్లాడతారు. ఇంట్లో కూర బాగా లేకపోతే కూడా ఇలాగే అంటారని ప్రతీతి.

హైమావతి గారు నా వైపు చూశారు. నేను ఛాంబర్లో ఒక మూల కూర్చుని చెట్టు పరిసరాల్లోని ప్రవర్తనను పరిశీలిస్తానని చెప్పాను. జంతువు బెదరకుండా ఉండటానికి నిశ్శబ్దంగా కూర్చోవాలి. ఆ పనిలో నాకు చాలా అనుభవం ఉంది.

దక్షిణామూర్తి గారు మంచి మనిషి. వెంట్రుకలు నెరిసిన పెద్ద మీసం, ఎప్పుడూ ఎటో చూస్తున్న కళ్లు. పదకొండింటికి రోజువారీ సమీక్ష మొదలవుతుంది. సెక్షన్ వాళ్లు వచ్చి "సార్, ఇది చేయమంటారా, వద్దంటారా?" అని అడుగుతారు. అలా అడిగిన ప్రతిసారీ ఆయన కుడిచేయి కలం పట్టుకుని ఫైలు మీద ఆగిపోతుంది. ఎడమచేయి మాత్రం తనంతట తాను లేచి, గుండుసూదుల డబ్బా పక్క నుంచి, పింగాణీ పళ్లెం అంచు దాటి, చింతకొమ్మ కొసను తడిమి, రెండు వేళ్లతో ముద్దుగా చిగురు గిల్లి, నోట్లో వేస్తుంది. ఆయన నములుతారు. కళ్లు సగం మూతపడతాయి. "చూద్దాం," అంటారు. సంతకం పెడతారు.

ఆయనకు తెలియదు. కుడిచేయి ప్రభుత్వానిది, ఎడమచేయి ఇంకెవరిదో. ఆయన ఎదురుగా కూర్చున్న ఆరేడుగురికీ కనబడలేదు, ఎందుకంటే వాళ్లంతా కుడిచేతినే చూస్తున్నారు. సంతకం చేసేది అదే కదా.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమని చెప్పను? ఇంతలో నూకరాజు గారు నివారణ చర్యగా చెట్టుకు ఘాటైన మిరపకాయ నీళ్లు కొట్టమన్నారు. వేళ్లున్న జంతువైనా, కొమ్ములున్న జంతువైనా ఒకసారి రుచి చూస్తే మళ్లీ రాదట. నేను అభ్యంతరం చెప్పలేదు. ప్రయోగాలంటే నాకు ఇష్టం.

మర్నాడు పదకొండింటికి ఎవరో "వద్దంటారా సార్?" అన్నారు. ఎడమచేయి లేచింది. నమిలారు. దక్షిణామూర్తి గారికి పొలమారింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, మీసం వణికింది. హైమావతి గారు పరుగున మంచినీళ్ల గ్లాసు తెచ్చారు.

"ఎవరో తలుచుకుంటున్నారు సార్," అన్నారు పట్నాయక్ గారు, ఆయన నెత్తి మీద తట్టబోయి, హోదా గుర్తొచ్చి బల్ల మీద తట్టి.

"నన్నెవరు తలుస్తారయ్యా," అన్నారు దక్షిణామూర్తి గారు దగ్గుతూ. "కంభం దగ్గర మా ఊళ్లో మా అక్క ఉంది. అదొక్కత్తే. చిన్నప్పుడు మా నాయన లెక్కలు చెయ్యమంటే నేను ఎక్కడికెళ్లేవాణ్ణో దానికే తెలుసు. మా దొడ్లో చింతచెట్టెక్కి కూర్చునేవాణ్ణి. కింద నుంచి అది ఉప్పు పొట్లం విసిరేది." ఆయన కళ్లు తుడుచుకున్నారు. అవి మిరప నీళ్లో, మరొకటో చెప్పలేను. "అటువైపు బదిలీకి ఎన్నిసార్లు పెట్టుకున్నానో. గిద్దలూరు ఆఫీసు ఖాళీగానే ఉంది. తగిన కారణం లేదంటారు."

హైమావతి గారు ఖాళీ గ్లాసు పట్టుకుని ఆయన ఎడమచేతి వంకే చూస్తున్నారు. రెండు వేళ్ల మధ్య ఇంకా ఒక చిగురు ఉంది. ఆవిడ నెమ్మదిగా నా వైపు తిరిగారు.

సమీక్ష అయ్యాక నా గదికి వచ్చారు. ఈసారి తలుపు తట్టలేదు.

"సార్, జంతువు దొరికింది."

"నాకు మొన్నే దొరికింది."

"మొన్నే తెలిసి నాకు చెప్పలేదా! నేను ఆంజనేయస్వామికి వడమాల మొక్కుకున్నాను సార్, ఒక్క కోతిని పంపించమని."

"చెబితే మీరేం చేసేవారు?"

ఆవిడ కూలబడ్డారు. "ఏం చేస్తాను. ఆయన పేరు చెప్పి ఆయన చేతే సంతకం పెట్టించుకోవాలి. దానికన్నా మడకశిరే నయం."

"పేరు ఎవరూ అడగలేదమ్మా. జాతి అడిగారు."

ఆవిడ కాసేపు నన్ను చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా గదిలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

నూకరాజు గారిని అడిగితే శాస్త్రరీత్యా తప్పేమీ లేదన్నారు. "మనుషులు జంతువులు కారని మా సిలబస్‌లో ఎక్కడా లేదండీ." పట్నాయక్ గారికి మాత్రం లక్షణాలు చెప్పాం, సంగతి చెప్పలేదు. నివేదిక భాష ఆయనదే. అది ఆయన హక్కు.

నివేదిక చదివే రోజు ఛాంబర్ నిండిపోయింది. మేక కూడా గుమ్మం దాకా వచ్చింది. పట్నాయక్ గారు గొంతు సవరించుకున్నారు.

"సదరు జంతువు ద్విపాది. పగటి వేళ సంచరించును. కార్యాలయ పనివేళలను పాటించును. సుమారు పదకొండు గంటలకు వృక్ష సమీపమునకు చేరును. మూతిపై దట్టమైన నెరిసిన వెంట్రుకలు గలవు. స్వభావము సాధువు. నిర్ణయము తీసుకొనవలసి వచ్చినపుడు ఇది చిగుళ్లను భక్షించును. బాల్యములో ఎత్తయిన చెట్లపై ఆశ్రయము పొందిన అనుభవము దీనికి కలదని ప్రవర్తనా నిపుణుల అభిప్రాయము."

"పాపం," అన్నారు దక్షిణామూర్తి గారు.

"ఇట్టి జంతువును ఏమి చేయవలెనో అధికారి వారు సెలవియ్యవలెను. శిక్షయా, తరలింపా?"

కుడిచేయి కలం పట్టుకుని ఆగింది. ఎడమచేయి లేచింది. ఈసారి గదిలో అందరూ ఆ చేతినే చూశారు. సూదుల డబ్బా దాటింది, పళ్లెం అంచు దాటింది. చిగురు గిల్లింది. పట్నాయక్ గారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"కొట్టకండి దాన్ని," అన్నారు దక్షిణామూర్తి గారు, ఎటో చూస్తూ. "దానికి అదే ధైర్యం అయ్యుంటుంది. తెలిసి చేస్తుందా ఏమన్నా? దాని చోటికి దాన్ని పంపించెయ్యండి. హాయిగా ఉంటుంది." సంతకం పెట్టారు. నోటి దగ్గరకు వెళ్తున్న చేయి మధ్యలో ఆగింది.

ఆయన తన వేళ్లను చూసుకున్నారు. చిగురును చూశారు. తరవాత మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూశారు. పరిచయం లేని తమ్ముడెవరో ఇంటికొస్తే చూసినట్టు, తన ఎడమచేతిని మళ్లీ చూసుకున్నారు. గుమ్మంలో మేక గంట మోగింది.

"ఏమయ్యా డాక్టరూ," అన్నారు నాతో, చాలా మెల్లగా. "ఈ జంతువు సహజ ఆవాసం ఎక్కడంటావు?"

"కంభం ప్రాంతం సార్. గిద్దలూరు దగ్గర."

మీసం కింద ఆయన పెదవులు కదిలాయి. అంతకుముందు ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చిగురు నోట్లో వేసుకుని, మొదటిసారిగా తెలిసి నమిలారు.

"ఉప్పుంటే బాగుండును," అన్నారు.

జంతువును తరలించాలన్న ఉత్తర్వును ఆపే నిబంధన ఏదీ లేదు. పెద్ద కార్యాలయం వారు ఫైలు చదివి, అర్థం చేసుకోకుండా ఆమోదించారు. దక్షిణామూర్తి గారు గిద్దలూరు వెళ్లిపోయారు. రైలెక్కేటప్పుడు హైమావతి గారి చేతిలో ఒక అరటిపండు పెట్టి, "ఇది ఆ బెంచీ దగ్గర కూర్చున్న మేకకివ్వమ్మా, పాపం రేపు రమ్మన్నాను," అన్నారు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ చింతచెట్టు ఆగలేదు.

గిల్లేవాళ్లు లేక అది ఇష్టమొచ్చినట్టు పెరిగింది. కొమ్మలు ఒకటి కిటికీ వైపు, ఒకటి ఫ్యాను వైపు బారలు చాచాయి. గొడుగు పోయి చీపురైంది. కొత్త అధికారిణి చేరిన రోజునే అడిగారు. "ఇది బోన్సాయా? ఎవరు దీని సంరక్షకులు?" హైమావతి గారు చెయ్యెత్తారు. మడకశిర మళ్లీ గదిలోకి వచ్చి కూర్చుంది.

బోన్సాయ్ నిపుణుణ్ణి ఒకాయన్ను పిలిపించారు. ఆయన పాత ఫోటోలు చూసి లేచి నిలబడ్డారు. "రోజూ కొసలు గిల్లితేనే ఈ రూపం వస్తుందండీ. చాలా శ్రద్ధగా చేశారు. రాష్ట్రంలో ఇంత చక్కటి చింత నేను చూడలేదు. ఎవరా తోటమాలి?"

"జంతువండీ," అన్నారు పట్నాయక్ గారు.

"అయితే ఆ జంతువును వెనక్కి రప్పించండి," అన్నారు కొత్త అధికారిణి.

"శాశ్వత తరలింపు మేడమ్. వీలుపడదు. ప్రస్తుతము సదరు జంతువు స్థానము ఖాళీగా యున్నది."

ఖాళీ అన్న మాట వినగానే మా ఆఫీసులో అందరికీ ఒకే ఆలోచన వస్తుంది. అది మా రక్తంలో ఉంది. ఏ పోస్టు ఖాళీ అయినా, భర్తీ అయ్యేవరకూ దాన్ని మరొకరికి పూర్తి అదనపు బాధ్యతలతో అప్పగించాలి. పట్నాయక్ గారు వెంటనే ఉత్తర్వు తయారుచేశారు. చెట్టు గురించి తెలిసినవారు ఒక్కరే కనుక, శ్రీమతి హైమావతిని తమ విధులకు అదనంగా జంతువుగా నియమించడమైనది.

"నన్ను జంతువుగానా సార్?" అని ఆవిడ నా గదికి పరిగెత్తుకొచ్చారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తేల్చుకోలేకపోయాను, నిపుణుణ్ణయినా.

"ఒప్పేసుకోండమ్మా. మీ సొంత ఊరు ఏది?"

"టెక్కలే కదా సార్."

"జంతువును ఎక్కడికి తరలించాలి?"

"సహజ ఆవాసానికి." ఆవిడ ఆగిపోయారు. "అంటే... ఎవరు ఎక్కడికి మార్చాలన్నా..."

"టెక్కలికే మార్చాలి. అదీ శాశ్వతంగా."

ఇప్పుడు రోజూ పదకొండింటికి హైమావతి గారు మెడలో కొత్త గుర్తింపు కార్డుతో ఛాంబర్లోకి వెళ్తారు. అపాయింట్‌మెంటు తనే రాసుకుంటారు. కొసలు గిల్లుతారు, రెండు నోట్లో వేసుకుంటారు, మిగతావి కాగితంలో చుట్టి దాచుకుంటారు. ఆదివారం దాకా పోగైతే, బజారు చిగురు కాస్త కలిపి, ఎండురొయ్యలేసి వండుతారు. నాకూ ఒక గిన్నె వస్తుంది. నా గదికి ఇప్పుడు అప్పుడప్పుడు ఒకరిద్దరు వస్తున్నారు. నాకు మునుపటంత హాయిగా లేదు. అయినా వాళ్లు వెళ్లేటప్పుడు తలుపు వెయ్యొద్దని చెప్తున్నాను. ఎందుకో ఇంకా పరిశీలించుకోలేదు.

మొన్న పలాస వెళ్దామని బస్సెక్కాను. కండక్టరు తవిటినాయుడే. నన్ను చూసి కిటికీ పక్క సీటు చూపించాడు. ముందు సీట్లో పెద్దాయన ఎవరో, "ఏటి నాయుడూ, మీ ఇంటావిడకి మళ్లీ బదిలీ అన్నారు?" అని అడిగాడు.

తవిటినాయుడు టిక్కెట్టు చింపి ఆయన చేతిలో పెట్టి, బస్సంతా వినబడేలా చెప్పాడు.

"బదిలీ ఏటండి బాబూ! మాయావిడిప్పుడు జంతువు. పర్మినెంటు!"